2015కి ముందు ఫైళ్లన్నీ ఒక్క మూట కట్టాలి: టార్ దగ్గర ఇరుక్కుపోయాను

శుభలేఖల_కొట్టు:
అందరికీ నమస్కారం. తెనాలిలో మాది డీటీపీ సెంటరు. నాన్నగారు 2003లో పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, ఎలక్షన్లొస్తే వాల్‌పోస్టర్లు. రెండేళ్ల కింద లినక్స్ మింట్‌కి మారాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ కోసం వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటరు లోపలే ఇంకో కంప్యూటరు నడిపే సాఫ్ట్‌వేర్) విండోస్ ఎక్స్‌పీ పెట్టుకున్నా.

500 జీబీ డిస్కు 97 శాతం నిండిపోయింది. నాన్న ఒక్క ఫైలు కూడా తీసెయ్యనివ్వరు. "ఆ పెళ్లికూతురి కూతురి పెళ్లికి మళ్లీ మన దగ్గరికే వస్తార్రా" అంటారు. అది నిజం కూడా, రెండుసార్లు జరిగింది. అందుకని 2015కి ముందువన్నీ ఒక మూట కట్టి బయటి డిస్కులో పెట్టి, ఇక్కడ ఖాళీ చేద్దామనుకుంటున్నా. మౌస్‌తో చేస్తే ఏడాది పడుతుంది. ఫైళ్ల పేర్లు ఎలా ఉంటాయో చెబితే మీకే అర్థమవుతుంది: "అమ్మాయి కార్డు ఫైనల్", "అమ్మాయి కార్డు ఫైనల్ 2", "అమ్మాయి కార్డు ఇదే ఫైనల్ (నాన్న)". కమాండ్ లైన్‌లో టార్‌తో (ఫైళ్లన్నిటినీ ఒకే మూటగా కట్టే కమాండు) దారి చెప్పండి.

నిర్వాహకుడు:
కొత్తవాళ్లకి గుర్తు: ఇక్కడ కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే రాసుకుంటాం. టెర్మినల్లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

నల్లతెర:
ఒక్క లైను పని బ్రదర్. మా ఆఫీసులో రోజూ వాడేదే:

ఫైండ్ . -టైప్ ఎఫ్ -ఎంటైమ్ +3650 -ప్రింట్0 | ఎక్స్‌ఆర్గ్స్ -0 టార్ -సీజడ్ఎఫ్ /మీడియా/బయట/పాతవి.టార్.జీజడ్

3650 రోజులు దాటిన ఫైళ్లని ఫైండ్ వెతుకుతుంది, ఎక్స్‌ఆర్గ్స్ వాటి పేర్లని టార్‌కి అందిస్తుంది. పేర్లలో ఖాళీలున్నా -ప్రింట్0, -0 జంట చూసుకుంటుంది. టీ తాగి వచ్చేసరికి అయిపోతుంది.

పాతటేపు:
కొట్టు బాబుకి: మూట కట్టు, కానీ అసలు ఫైళ్ల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. ముందు రెండు లెక్కలు తెచ్చి ఇక్కడ పెట్టు. ఫైండ్ ఎన్ని ఫైళ్లు చూపించింది? మూటలో ఎన్ని ఉన్నాయి? రెండోది టార్ -టీఎఫ్ కొట్టి (మూటలోని పేర్లు చూపిస్తుంది) డబ్ల్యూసీ -ఎల్‌కి (లైన్లు లెక్కపెడుతుంది) పంపితే తెలుస్తుంది.

శుభలేఖల_కొట్టు:
టీ కాదు, భోజనం చేసి కునుకు తీసి లేచాక అయింది. ఒక్క ఎర్రరూ లేదు. లెక్కలు:

ఫైండ్: 31,846
మూటలో: 1,206

పాతటేపు గారూ, మిగతా ముప్పై వేలు ఏమైనట్టు?

పాతటేపు:
అనుమానపడ్డదే అయింది.

ఎక్స్‌ఆర్గ్స్ పని ఏమిటంటే, వచ్చిన పేర్లన్నీ ఒక కమాండు వెనక పేర్చడం. ఆ కమాండు ఎంత పొడుగుండాలో దానికో కొలత ఉంది. ఎక్స్‌ఆర్గ్స్ --షో-లిమిట్స్ అని కొట్టి చూడు, మామూలుగా 131072 బైట్లు చూపిస్తుంది. అది నిండగానే ఉన్నవాటితో టార్‌ని ఒకసారి నడిపి, తర్వాతి గుంపుతో మళ్లీ నడుపుతుంది. నీ పేర్లు తెలుగులో ఉన్నాయి, ఒక్కో అక్షరం మూడు బైట్లు తింటుంది, కాబట్టి గుంపు ఇంకా త్వరగా నిండుతుంది. నీ లెక్క చూస్తే పదిహేడు సార్లు నడిచి ఉంటుంది.

ఇక టార్ -సీ అంటే "కొత్తగా మొదలుపెట్టు" అని. పదిహేడు సార్లూ అదే పేరుతో కొత్త మూట కట్టింది. ప్రతిసారీ ముందుదాన్ని చెరిపేసింది. చివరి గుంపులో ఉన్నవే నీకు మిగిలాయి. ఎర్రర్ ఎందుకొస్తుంది? టార్ చెప్పిన పని చెప్పినట్టే చేసిందిగా.

నల్లతెర:
సారీ కొట్టు బ్రదర్. మాకు రోజూ ఓ రెండొందల లాగ్ ఫైళ్లుంటాయి, ఒక్క గుంపులోనే పట్టేస్తాయి. అందుకే ఇన్నేళ్లూ బయటపడలేదు. ఇప్పుడే మా స్క్రిప్టు తెరిచి మారుస్తున్నా.

మంజీర_తీరం:
మీకు ఫైళ్లు మిగిలినయి, సంతోషం. నాకు మిగల్లేదు.

మాది సంగారెడ్డి. 2009 నుంచి మా నానమ్మ పాడిన బతుకమ్మ పాటలు ఫోన్ల రికార్డు చేసుకుంట వచ్చిన. చిన్న చిన్న ముక్కలు, వేలల్ల ఉండె. నల్లతెర అన్న చెప్పిన లైనే నెట్ల దొరికింది, నేను దానికి --రిమూవ్-ఫైల్స్ గూడ తగిలించిన, జాగ కలిసొస్తదని. అంటే ఏమైంది? మొదటి గుంపు మూట గట్టింది, అసలువి తీసేసింది. రెండో గుంపుకు మూట మీద మూట రాసింది, మళ్ల అసలువి తీసేసింది. ఆఖరికి ఒక్క గుంపు పాటలు మిగిలినయి. అప్పటికి నానమ్మ లేదు.

నేను ఎవరినీ అంటలేను. ఆ ఆప్షను వాడేటోళ్లు జెర ఆగి చదవాలె, గందుకే రాస్తున్న.

శుభలేఖల_కొట్టు:
అక్కా, చదివి చెయ్యి ఆడలేదు. నేనూ ఆ ఆప్షను చూశాను, పెడదామా అని కూడా అనుకున్నాను.

పాతటేపు:
అమ్మా మంజీరా, ఆ డిస్కు మీద తర్వాత ఏమీ రాయకుండా ఉంటే ఫోటోరెక్‌తో (పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాము) ఒకసారి వెతికించు. ఆడియో ఫైళ్లని పేర్లు లేకపోయినా, వాటి మొదటి బైట్లని బట్టి పట్టుకుంటుంది. అన్నీ రావు, కొన్ని రావచ్చు.

కొట్టు బాబూ, నీ పనికి ఎక్స్‌ఆర్గ్స్ అక్కర్లేదు. పేర్ల చిట్టా టార్‌కే నేరుగా ఇవ్వొచ్చు. రెండు అడుగులు:

ఫైండ్ . -టైప్ ఎఫ్ ! -న్యూయర్‌ఎంటీ 2015-01-01 -ప్రింట్0 > /టీఎంపీ/చిట్టా
టార్ --నల్ -టీ /టీఎంపీ/చిట్టా -సీఎఫ్ /మీడియా/బయట/పాతవి.టార్

ఇక్కడ "టీ" పెద్ద అక్షరం. --నల్ దానికంటే ముందుండాలి. చిట్టానీ మూటనీ ఆ ఫోల్డరు బయటే పెట్టు. -ఎంటైమ్ +3650 కూడా వద్దు: అది ఈ క్షణం నుంచి ఇరవై నాలుగేసి గంటలు వెనక్కి లెక్కపెడుతుంది. ఇవాళ ఒక జాబితా ఇస్తే రేపు ఇంకో జాబితా ఇస్తుంది. నీకు కావలసింది తేదీ, తేదీయే ఇవ్వు.

చిట్టా దాచుకో. తర్వాత తొలగించేటప్పుడు అదే చిట్టా వాడాలి, ఫైండ్ మళ్లీ నడపకూడదు.

కొత్తపెంగ్విన్:
నాదొక చిన్న డౌటు. టార్ అంటే తారు రోడ్డు తారేనా? 🙂 జిప్ ఉండగా ఇదెందుకు?

పాతటేపు:
టేప్ ఆర్కైవ్, నాయనా. 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో వచ్చింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నిజంగానే టేపు చక్రాలు ఎక్కించేవాళ్లం. టేపు మీద ముక్కలు ముక్కలుగా రాయకూడదు గనక 512 బైట్ల దిమ్మెలు ఇరవై కలిపి ఒక్కసారి రాసేది. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఒక్క అక్షరం ఉన్న ఫైలుని టార్ చేసి చూడు, 10,240 బైట్లుంటుంది. జిప్ మంచిదే, కానీ ఫైలు యజమాని, అనుమతులు, లింకులు ఉన్నవి ఉన్నట్టు కావాలంటే లినక్స్‌లో టారే.

నల్లతెర:
కుదింపు సంగతి నన్ను చెప్పనివ్వండి, ఇందాకటి తప్పు దిద్దుకుంటా. జేపెగ్ ఫోటోలు, ఎంపీ4 వీడియోలు ఇప్పటికే కుదించి ఉంటాయి. వాటిని మళ్లీ నొక్కితే కరెంటు ఖర్చు తప్ప ఏమీ తగ్గదు. టిఫ్‌లు, పేజ్‌మేకర్ ఫైళ్లు మాత్రం బాగా తగ్గుతాయి. కుదించే ప్రోగ్రాముల్లో జీజిప్ 1992 నాటిది, ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఎక్స్‌జడ్ బాగా నొక్కుతుంది గానీ నత్తనడక. 2016లో ఫేస్‌బుక్ వాళ్లు బయటపెట్టిన జడ్‌స్టాండర్డ్ నాకిష్టం, వేగంగా ఉంటుంది. టార్ 1.31 నుంచి --జడ్‌ఎస్‌టీడీ అని నేరుగా ఇవ్వొచ్చు.

కొత్తపెంగ్విన్:
ఎక్స్‌జడ్‌లో ఎవరో దొంగ కోడ్ పెట్టారని విన్నాను. వాడొచ్చా?

నల్లతెర:
2024 మార్చిలో బయటపడింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో మాత్రమే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్లోకి వెళ్లే దారి) లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే దొరికింది. అరసెకను! మనమైతే నెట్ స్లో అనుకుని వదిలేసేవాళ్లం. ఆ రెండు వెర్షన్లూ వెనక్కి తీసేశారు, ఇప్పుడు వాడొచ్చు.

పాతటేపు:
ఏది వాడినా అన్నీ ఒకే మూటలో కట్టకు. ఉత్త టార్‌లో ఒక చోట డిస్కు పాడైతే ఆ ఫైలొక్కటే పోతుంది. కుదించిన మూటలో మధ్యలో దెబ్బ తగిలితే ఆ తర్వాతదంతా చేజారినట్టే. ఏడాదికొక మూట కట్టు. అంతో ఇంతో బీమా కావాలంటే పార్2 అనే ప్రోగ్రాముతో ఓ పది శాతం మరమ్మతు ఫైళ్లు చేసి పక్కన పెట్టు.

శుభలేఖల_కొట్టు: (రెండు రోజుల తర్వాత)
కొత్త చిక్కు. చిట్టా తెరిచి చూస్తే అన్నీ 2013, 2014వే. అంతకుముందు పదేళ్ల ఫైళ్లు ఒక్కటీ లేదు! తవ్వితే తెలిసింది: 2021లో పాత కంప్యూటరు కాలిపోయినప్పుడు మా బావగారు దాని డిస్కు తెచ్చి ఉత్త సీపీ -ఆర్‌తో (పాత తేదీలు ఉంచని కాపీ కమాండు) ఇందులోకి ఎక్కించారు. అన్నిటికీ 2021 తేదీ పడింది. 2006లో చేసిన కార్డు 2021లో చేసినట్టుంది. బావగారిని ఏమీ అనలేను, సంక్రాంతికి వస్తున్నారు.

నల్లతెర:
ఆ పాత డిస్కు ఇంకా ఉందా?

శుభలేఖల_కొట్టు:
ఉంది. 160 జీబీ, వెడల్పాటి కేబుల్ ఉండే రకం. నాన్న పంచాంగాల బీరువాలో పెట్టారు. అడాప్టరుతో యూఎస్‌బీకి తగిలిస్తే తిరుగుతోంది!

నల్లతెర:
అయితే తేదీలు అందులో భద్రంగా ఉంటాయి. డిస్కుని మౌంట్ చేసేటప్పుడు (సిస్టమ్‌కి కలిపేటప్పుడు) -ఓ ఆర్ఓ పెట్టండి, చదవడమే తప్ప రాయడం ఉండదు. తర్వాత ఆర్‌సింక్ (రెండు చోట్ల ఫైళ్లని పోల్చి కాపీ చేసేది) -ఏ --సైజ్-ఓన్లీ --ఎగ్జిస్టింగ్ ఇస్తే, రెండు వైపులా సైజు ఒకటే ఉన్న ఫైళ్లకి తేదీ, అనుమతుల్లాంటివి మాత్రమే పాతదానిలాగా మారుస్తుంది.

ఆగండి. ఈసారి తొందరపడను. ముందు -ఎన్ఐ కలిపి ఉత్తుత్తినే నడిపి, ఏం చేయబోతోందో ఇక్కడ పెట్టండి.

శుభలేఖల_కొట్టు:
ఎక్కువ లైన్లు చుక్కతో మొదలవుతున్నాయి. 212 మాత్రం > గుర్తుతో వచ్చాయి.

నల్లతెర:
అదిగో, అందుకే ఆగమన్నది. చుక్క అంటే తేదీలాంటి వివరాలే మారతాయి, ఫైలు మారదు. > అంటే ఫైలే పాత డిస్కు నుంచి వచ్చి మీద పడుతుంది. ఆ 212 మీరు 2021 తర్వాత మళ్లీ తెరిచి మార్చినవి అయ్యుంటాయి. ఆర్‌సింక్ నిజంగా నడిపి ఉంటే ఆ మార్పులన్నీ పోయేవి.

పాతటేపు:
భేష్ నల్లతెరా.

సైజు ఒకటే అయినా లోపల ఒక్క అంకె మారి ఉండొచ్చు, శుభలేఖలో ముహూర్తం సమయం మార్చినట్టు. కాబట్టి ఆర్‌సింక్ వదిలేసి, ప్రతి ఫైలుకీ ఇది చేయించు:

సీఎంపీ -ఎస్ "పాతది" "కొత్తది" && టచ్ -ఆర్ "పాతది" "కొత్తది"

సీఎంపీ బైటు బైటూ పోలుస్తుంది. అచ్చంగా ఒకటే అయితేనే టచ్ ముందుకొచ్చి పాత తేదీ పెడుతుంది. తేడా ఉంటే ముట్టుకోదు. ఫైలులోకి మాత్రం ఏమీ రాయదు. రాత్రి పెట్టి పడుకో.

శుభలేఖల_కొట్టు: (మర్నాడు)
తేదీలు వచ్చేశాయి. చిట్టా ఇప్పుడు 58,310. 2003 దీపావళి నాటి మొదటి కార్డు కూడా కనబడుతోంది!

ఇంకో వింత. ఒక ఫోల్డర్లో "పైడితల్లి కరపత్రం" అని ఒకే పేరుతో రెండు ఫైళ్లున్నాయి. ఒకే చోట ఒకే పేరు ఎలా ఉంటుంది? పైగా గ్రెప్‌లో (మాట వెతికే కమాండు) "పై" అని వెతికితే ఒక్కటే దొరుకుతోంది.

సున్నా_వెడల్పు:
ఇది నా పేట, నేనొస్తున్నా. డాలస్‌లో అర్ధరాత్రి దాటింది, అయినా ఇది వదిలి నిద్రపోలేను.

అందులో ఒకటి మ్యాక్ నుంచి వచ్చిందా? యూనికోడ్‌లో (అక్షరాలకి కంప్యూటరు వాడే అంకెల పద్ధతి) ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా ఒక పద్ధతి. ఎత్వం పెట్టి, దాని కింద ఐ పొడవు గుర్తు తగిలించి రెండు గుర్తులుగా ఇంకో పద్ధతి. కంటికి రెండూ ఒకటే "పై". పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లని రెండో పద్ధతిలోకి విడగొట్టి రాసుకునేది. లినక్స్ అలాంటి జోక్యం చేసుకోదు, వచ్చిన బైట్లు వచ్చినట్టు ఉంచుతుంది. బైట్లు వేరు గనక దానికి అవి రెండు వేరే పేర్లు. ఎల్ఎస్ ఇచ్చిన పేర్ల జాబితాని ఓడీ -సీ కి (బైట్లు చూపిస్తుంది) పంపి చూడండి, తేడా బయటపడుతుంది.

కన్వ్‌ఎంవీ -ఎఫ్ యూటీఎఫ్8 -టీ యూటీఎఫ్8 --ఎన్ఎఫ్‌సీ -ఆర్ . అని కొడితే అన్నిటినీ మొదటి పద్ధతికి మార్చేస్తుంది. మామూలుగా ఏం మారుస్తుందో చూపిస్తుందంతే. నిజంగా మార్చాలంటే --నోటెస్ట్ చేర్చాలి. మీ రెండు ఫైళ్లూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి ముందు ఒకదానికి చేత్తో వేరే పేరు పెట్టండి.

పనిలో పనిగా: "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట కింద వ ఒత్తుగా పడకుండా కంటికి కనపడని, వెడల్పే లేని అక్షరం ఒకటి పెడతాం. ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. నా పేరు అక్కడి నుంచి వచ్చిందే. ఇంకొకటి, లినక్స్‌లో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్‌లో అది 255 అక్షరాలు, మనకి 85 గుర్తులే. గుణింతాలు, పొల్లులు కూడా ఒక్కోటి మూడు బైట్లు. "శ్రీ" ఒక్కటే పన్నెండు.

మంజీర_తీరం:
"శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని ఫైలు పేరు పెడితే మూడో వంతు బైట్లు దేవునికే పోతయి.

శుభలేఖల_కొట్టు:
అక్కా 😄 నిజంగానే మాకు అలాంటి ఫోల్డర్ ఒకటుంది. మ్యాక్ అనుమానం కూడా కరెక్టే, ఆ కరపత్రం ఒక డిజైనర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చాడు.

మూటలు కట్టేశాను, ఏడాదికొకటి చొప్పున పన్నెండు. 164 జీబీ కాస్తా 121 అయింది. ఇప్పుడు తొలగించొచ్చా?

పాతటేపు:
ఇంకో మూడు మెట్లున్నాయి. ఒకటి, టార్ -డీఎఫ్: మూటలో ఉన్నదాన్ని డిస్కు మీద ఉన్నదానితో పోలుస్తుంది. ఏమీ మాట్లాడకపోతే అంతా బాగున్నట్టు. రెండు, ఒక్కో మూటకీ ఎస్‌హెచ్‌ఏ256సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె) తీసి చిన్న ఫైల్లో దాచు. ఆరునెలలకోసారి -సీ పెట్టి సరిచూసుకోవచ్చు. మూడు, మూట ఒక్కచోటే ఉంటే దాన్ని నకలు అనకూడదు. ఇంకో డిస్కు మీద రెండో ప్రతి చేసి, వేరే ఊళ్లో పెట్టు.

తొలగించేటప్పుడు మళ్లీ ఫైండ్ వద్దు, ఆ చిట్టానే: ఎక్స్‌ఆర్గ్స్ -0 -ఏ /టీఎంపీ/చిట్టా ఆర్ఎం --. ఇక్కడ ఎక్స్‌ఆర్గ్స్ తప్పేమీ లేదు. ఆర్ఎం పదిహేడు సార్లు నడిచినా ఫలితం ఒకటే. చిట్టాని మాత్రం ఇవాళే టీఎంపీ నుంచి తీసి ఇంకెక్కడన్నా పెట్టుకో, మెషీన్ రీస్టార్టయితే అక్కడివి తుడిచిపెట్టుకుపోవచ్చు.

శుభలేఖల_కొట్టు:
రెండో ప్రతి ఖమ్మంలో మా చెల్లి ఇంటికి పంపుతా. తన డిస్కు మీద పెడుతుంటే "ఫైలు మరీ పెద్దది" అంటోంది.

నల్లతెర:
ఆ డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసింది అయ్యుంటుంది, ఒక్క ఫైలు 4 జీబీ దాటనివ్వదు. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయండి. అందులో చెల్లిగారివి ఏమైనా ఉంటే ముందు కాపీ తీసుకోండి. కుదరకపోతే స్ప్లిట్ -బీ 3900ఎం తో ముక్కలు చేసి, కావలసినప్పుడు క్యాట్‌తో వరుసగా కలుపుకోవచ్చు.

సున్నా_వెడల్పు:
ఒక్కమాట అడగొచ్చా? ఆ పేజ్‌మేకర్ ఫైళ్లలో అక్షరాలు అను ఫాంట్లేనా?

శుభలేఖల_కొట్టు:
డీటీపీ అంటే ఇంకేముంటుందండీ, అన్నీ అనువే.

సున్నా_వెడల్పు:
అయితే మూటలో ఫైళ్లున్నాయి గానీ తెలుగు లేదు. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెడతాయి. ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గుర్తులు తప్ప ఏమీ కనపడవు. పైగా పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. మీ లైసెన్సు ఫాంట్లనీ, ఆ ఎక్స్‌పీ వర్చువల్ డిస్కునీ పదమూడో మూటగా కట్టండి. వీలైనన్ని కార్డులు ఫాంటు ఎంబెడ్ చేసి పీడీఎఫ్ కూడా తీయండి. వెతకడానికి పనికిరాకపోయినా చూడటానికి పనికొస్తుంది.

శుభలేఖల_కొట్టు: (వారం తర్వాత)
ఇవాళ జరిగింది చెప్పాలి. పొద్దున ఒకాయన వచ్చి, 2006లో తన పెళ్లికార్డు మా దగ్గరే వేయించానని, భార్యకి తెలియకుండా దాన్ని ఫ్రేము కట్టించాలనీ అడిగాడు. అసలువి నిన్ననే తీసేశాను. నాన్న నా వంక చూస్తున్నారు.

2006 మూట మీద టార్ -టీఎఫ్ కొట్టి గ్రెప్‌తో ఇంటిపేరు పట్టుకున్నా. టార్ -ఎక్స్ఎఫ్‌కి ఆ ఒక్క దారీ కోట్స్‌లో ఇస్తే ఆ ఒక్క ఫైలే బయటికొచ్చింది. కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే వధువు పేరు ఉండాల్సిన చోట చుక్కలు, డాలర్లు. పదమూడో మూట విప్పి ఫాంట్లు పెట్టాక మొత్తం కార్డు వచ్చింది, మూలన పసుపు రంగు గణపతితో సహా. ఆయన తాంబూలం టైములో ఉన్న అచ్చుతప్పు కూడా చూపించి నవ్వాడు.

నాన్న అన్నది ఒక్కటే మాట: "డబ్బులు తీసుకున్నావా?"

పాతటేపు:
తీసుకున్నావా మరి?

శుభలేఖల_కొట్టు:
లేదండీ 🙂

మంజీర_తీరం:
పాతటేపు సార్, ఫోటోరెక్ నడిపిన. నలభై ఒక్క పాటలు దొరికినయి. పేర్లు లేవు, అన్నీ నంబర్లే. ఒక్కొక్కటి విని పేరు పెడుతున్న.

కొత్తపెంగ్విన్:
అంతా చదివి నేనూ మొదలుపెట్టాను. మొదటి కమాండుకే "ఫైండ్: కమాండ్ దొరకలేదు" అంటోంది. ఇన్‌స్టాల్ చేయాలా?

నిర్వాహకుడు:
పైన నా పోస్టు చదవండి. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.